ఉద్యోగం వదలకుండా టెరిటోరియల్ ఆర్మీ ఆఫీసర్: దరఖాస్తు విధానం

సొంత పని చేసుకుంటూనే ఏటా కొన్నాళ్లు సైన్యంలో పనిచేసేవాళ్ల దళం టెరిటోరియల్ ఆర్మీ. దాని పేరెత్తగానే మన నల్గొండ, పాలమూరు వైపు మొదట అడిగేది, "ఉన్న ఉద్యోగం మానెయ్యాలా?" అని. అక్కర్లేదు. అసలు ఉద్యోగమో వ్యాపారమో ఉండి సంపాదిస్తున్నవాళ్లే ఆఫీసర్ పోస్టుకు అర్హులు. డిగ్రీ పాసై ఉండాలి, వయసు 18 నుంచి 42 ఏళ్ల లోపు ఉండాలి. రెగ్యులర్ సైన్యం, పోలీసు, పారామిలటరీలో పనిచేస్తున్నవాళ్లకు అవకాశం లేదు.

నోటిఫికేషన్ పడ్డాక ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. టెన్త్ మెమోలో ఉన్నట్టే పేరు నింపండి. మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంటే ముందే సరిచేయించుకోవడం మేలు.

ఫారం తేలికే, తిప్పలన్నీ ఉద్యోగ ధ్రువపత్రం దగ్గరే. ప్రభుత్వ ఉద్యోగులకు శాఖ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. టీచరైతే ఫైలు హెచ్‌ఎం దగ్గర మొదలై డీఈవో ఆఫీసు దాకా పోవాలి కదా, రాత పరీక్ష ఫలితాలు వచ్చేదాకా ఆగితే చివర్లో టెన్షన్ తప్పదు. మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపేవారిలా సొంత వ్యాపారమున్నవాళ్లు ఏం పని చేస్తున్నారో, ఏడాదికి ఎంత ఆదాయమో స్టాంప్ పేపర్ మీద అఫిడవిట్ రాయించి, నోటరీ చేయించి, పాన్ కార్డు జిరాక్స్ జతచేయాలి.

రాత పరీక్షలో రీజనింగ్, లెక్కలు, జీకే, ఇంగ్లీషు ఉంటాయి. తర్వాత ఇంటర్వ్యూ, ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్లను ఎంపికచేసే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు పరీక్షలు), మెడికల్. ఎస్‌ఎస్‌బీ ఐదు రోజులు సాగుతుంది, కానీ మొదటి రోజు స్క్రీనింగ్‌లోనే చాలామందిని వెనక్కి పంపేస్తారు. సెలవు మాత్రం మొత్తానికీ పెట్టుకోవాల్సిందే.

ఎంపికైతే మొదటి ఏడాది నెల రోజుల ప్రాథమిక శిక్షణ, ఏటా రెండు నెలల క్యాంపు, మొదటి రెండేళ్లలో మరో మూడు నెలల శిక్షణ ఉంటాయి. ఆ రోజులకు రెగ్యులర్ ఆర్మీ ఆఫీసర్‌తో సమానంగా జీతం. మిగతా కాలానికి సైన్యం నుంచి పైసా రాదు. సైనిక సేవకు పిలిస్తే, అది ముగిశాక ఉద్యోగిని మునుపటికి తగ్గని షరతులతో తిరిగి చేర్చుకోవాలని 1948 నాటి టెరిటోరియల్ ఆర్మీ చట్టం యజమానికి చెబుతోంది. ప్రైవేటు ఉద్యోగులు ఈ సంగతి హెచ్‌ఆర్‌తో ముందే మాట్లాడుకోవాలి. మిల్లు యజమానికి ఆ రక్షణ ఎవరిస్తారు? యాసంగి వడ్లు వచ్చే వేళకు క్యాంపు పడితే మిల్లు చూసుకునే మనిషిని ఆయనే వెతుక్కోవాలి.

జవాను పోస్టులకు ఈ దరఖాస్తు పనికిరాదు. వాటికి రిక్రూట్‌మెంట్ ర్యాలీలు పెడతారు, ప్రకటన వేరుగా వస్తుంది.