రెస్క్యూ కుక్క, పిల్లి ఇంట్లో కుదురుకోవట్లేదా? ఇవి చూడండి

షెల్టర్ నుంచి తెచ్చుకున్న జంతువు మొదటి రోజుల్లో పెట్టే ఇబ్బందుల్లో చాలావరకు భయం వల్ల వచ్చేవే. మొండిదనో, మనమంటే ఇష్టం లేదనో అనుకుని దయచేసి వెనక్కి ఇచ్చేయకండి.

సమస్య: మంచం కింద దూరింది, తిండి ముట్టట్లేదు

కొత్త వాసనలు, కొత్త గొంతులు, పైగా చూసిపోదామని వచ్చే చుట్టాలు, ఇన్నీ ఒక్కసారే మీద పడితే బెదిరిపోదా? బయటికి లాగకండి. ఒక గది దానికే వదిలేసి, తిండి, నీళ్లు, దుప్పటి అక్కడే పెట్టి, పిల్లి అయితే లిట్టర్ బాక్స్ (మలమూత్రాలకి వాడే ఇసుక పెట్టె) తిండికి దూరంగా ఇంకో మూల ఉంచి, మీరు కాస్త ఎడంగా పక్కకి తిరిగి కూర్చుని మీ పని చేసుకోండి. షెల్టర్‌లో తిన్న తిండే పెట్టండి, మార్చాలంటే 7 నుంచి 10 రోజులు కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి. పెద్ద కుక్క ఒక రోజు సరిగ్గా తినకపోయినా నీళ్లు తాగుతుంటే టెన్షన్ పడక్కర్లేదు. పిల్లి మాత్రం 24 గంటలు ఏమీ ముట్టకపోతే వెటర్నరీ డాక్టర్‌కి ఫోన్ చేయాల్సిందే, తిండి మానేసిన పిల్లికి లివర్‌లో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. కూనలైతే అంతసేపు కూడా ఆగొద్దు.

సమస్య: గిన్నె దగ్గరికి వెళ్తే కుక్క గుర్రుమంటోంది

ఉన్నది లాగేసుకుంటారని దాని భయం. ఇక్కడ తిట్టడం, కొట్టడం అస్సలు పనికిరాదు, ఎందుకంటే భయం అలాగే ఉండిపోయి హెచ్చరిక మాత్రం పోతుంది, రేపు గుర్రుమనకుండానే కరుస్తుంది. నిజానికి గుర్రుమనే ముందే చెబుతుంది: మూతి గిన్నెలోనే ఉంటుంది, నమలడం ఆగిపోతుంది, ఒళ్లు బిగుసుకుంటుంది, తల తిప్పకుండా ఓరగా చూసేసరికి కంట్లో తెల్లగుడ్డు కనిపిస్తుంది. అక్కడే ఆగి వెనక్కి వచ్చేయండి. ఇక రోజూ అది తినేటప్పుడు, బిగుసుకోనంత దూరం నుంచి, గిన్నెలో ఉన్నదానికంటే రుచైన ముక్క ఒకటి విసిరేసి వెళ్లిపోండి. మీరు రాగానే ఒళ్లు వదులు చేసి ముక్క కోసం చూస్తుంటేనే ఇంకో అడుగు దగ్గరికి జరగండి. వారాలు పట్టినా సరే. పిల్లల్ని మాత్రం అటు పోనివ్వొద్దు. పొరపాటున కరిస్తే సబ్బు పెట్టి పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

సమస్య: ఇల్లంతా తడిపేస్తోంది

ముందు మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూపించండి. లేకపోతే అలవాటు కాలేదంతే: కుక్కని నిద్ర లేవగానే, తినగానే, ఆడుకోగానే బయటికి తీసుకెళ్లి, అక్కడే పోస్తే వెంటనే మెచ్చుకోండి. తడిపిన చోటు, మూత్రం వాసన పోగొట్టే ఎంజైమ్ క్లీనర్‌తో తుడవండి, అమ్మోనియా ఉన్నది వద్దు, మూత్రంలా ఉండే ఆ వాసనకి మళ్లీ అక్కడికే వస్తుంది.

సమస్య: ఒంటరిగా వదిలితే అరుపులు, తలుపు గీకడం

బయటికి వెళ్లి, అది కంగారు పడేలోపే తిరిగి వచ్చేయండి, క్షణాలతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి. గోళ్లు విరిగేలా గీకుతుంటే ఈ సాధన ఒక్కటే సరిపోదు, దీనికి మందులూ ఉన్నాయి, వెటర్నరీ డాక్టర్‌ని అడగడానికి మొహమాటపడకండి.