సిన్సినాటి ఇంటర్న్‌షిప్‌కి వస్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ

ఆఫర్ లెటర్ వచ్చింది, టికెట్ కొన్నావు, ఎవరి ద్వారానో సబ్‌లీజ్ ఇల్లు కూడా దొరికింది. అవన్నీ ఎలాగూ చూసుకోగలవు కాబట్టి వాటి జోలికి పోను. అమెరికాలోని సిన్సినాటిలో పీ అండ్ జీ (ప్రాక్టర్ అండ్ గాంబుల్)లోనో, అలాంటి మరో పెద్ద సబ్బుల, షాంపూల కంపెనీలోనో వేసవికి చేరే మనవాళ్లు బోల్తా పడేది దాదాపు ఎప్పుడూ ఒకే చోట. తమకిచ్చిన ప్రాజెక్టు ఏమిటో తేల్చుకోకుండానే పని మొదలుపెడతారు. ఎనిమిదో వారానికి రాత్రుళ్లు మేలుకుని కూర్చుంటారు. అప్పటికి మేనేజర్‌కి కావలసింది ఒకటి, వీళ్ల చేతిలో ఉన్నది ఇంకొకటి. ఎక్కువగా దాని గురించే చెబుతాను. ముందు కాగితాల సంగతి చూద్దాం, అవి చెడితే ప్రాజెక్టు దాకా వెళ్లే అవకాశమే ఉండదు.

సీపీటీ (చదువులో భాగంగా పని చేసే అనుమతి) వచ్చాక ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే స్టూడెంట్ పత్రం) రెండో పేజీలో కంపెనీ పేరు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. మొదలయ్యే తేదీకి ఒక్క రోజు ముందు కూడా పని చేయకూడదు. లాప్‌టాప్ ముందుగానే ఇంటికి వచ్చిందని ట్రైనింగ్ మాడ్యూళ్లు తెరిచి పూర్తి చేయడం కూడా పని కిందికే వస్తుంది. ఆఫర్ లెటర్లో ఒక తేదీ, ఐ-20లో మరో తేదీ ఉంటే వెంటనే డీఎస్ఓకి (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా కాగితాలు చూసే అధికారికి) మెయిల్ పెట్టు. ముగిసే తేదీ విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఫైనల్ ప్రెజెంటేషన్ వారం వెనక్కి జరిగితే, పొడిగింపు ఐ-20లో పడకుండా ఆ వారం పని చేయకూడదు. సిన్సినాటి ఆఫీసు అడ్రసుతో సీపీటీ తీసుకున్నాక మధ్యలో నెల రోజులు లైమా అనే ఊళ్లోని ప్లాంట్‌కి పంపుతామంటే, అది కూడా బయల్దేరే ముందే డీఎస్ఓ చెవిన వేయాలి. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఆ డిగ్రీ మీద ఓపీటీ (చదువు అయ్యాక పని చేసే అనుమతి) పోతుంది. ఒక్క వేసవితో ఆ ప్రమాదం లేదు, కానీ ఇదే డిగ్రీలో ఇంతకుముందు చేసినవి ఉంటే కలిపి లెక్కేసుకో.

సోషల్ సెక్యూరిటీ నంబర్ లేనివాళ్లు ఉద్యోగం మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచే అప్లై చేయగలరు, అంతకన్నా ముందు వెళ్తే తిప్పి పంపేస్తారు. నంబర్ రాకపోయినా పనిలో చేరొచ్చు, రసీదు మాత్రం దాచుకో. పని చేసే అర్హత చూపే ఐ-9 ఫారంలో నీ భాగం మొదటి రోజుకే నింపాలి, పత్రాలు మూడు పనిదినాల్లోపు చూపించాలి. పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చిన నమోదు), సీపీటీ ఉన్న ఐ-20 సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో పెట్టుకుని రా.

మొదటి పేస్లిప్‌లో సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, మెడికేర్ 1.45 శాతం అనే రెండు గళ్లు చూడు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద అయిదు క్యాలెండర్ సంవత్సరాలు దాటకుండా, టాక్స్ లెక్కలో ఇంకా నాన్‌రెసిడెంట్‌గా ఉన్నవాళ్లకి ఈ రెండూ కోయకూడదు. పదివేల డాలర్ల మీద ఇవి 765 డాలర్లు. సిస్టమ్‌లో నీ హోదా సరిగ్గా పడకపోతే అది అందరికీ కోసినట్టే నీకూ కోస్తుంది. ఆ వారమే పేరోల్‌కి రాస్తే వాళ్లే సరిచేసి వెనక్కి ఇస్తారు. ఊరుకుంటే తర్వాత డబ్బు వెనక్కి అడిగే ఫారం 843 పట్టుకుని ఐఆర్ఎస్ (టాక్స్ శాఖ) చుట్టూ తిరగాలి. సిన్సినాటి నగరం తీసుకునే 1.8 శాతం పన్ను మాత్రం న్యాయంగా కట్టాల్సిందే, దాని మీద పేరోల్ వాళ్లతో వాదన పెట్టుకోకు.

ఇక అసలు సంగతి.

మొదటి రోజు మేనేజర్ ప్రాజెక్టు గురించి చెప్పేది చాలాసార్లు ఒక్క వాక్యమే. ఫలానా రిటైలర్ దగ్గర మన ప్రమోషన్లు (డిస్కౌంట్ ఆఫర్లు) ఎలా నడుస్తున్నాయో చూడు, అంటారు. లేదా, ప్లాంట్‌లో మూడో లైన్ మీద ఆగుడు తగ్గించే దారి వెతుకు, అంటారు. మనం తలూపి వచ్చేస్తాం. మళ్లీ అడిగితే తెలియదనుకుంటారేమో అని మొహమాటం. ఆ మొహమాటం ఖరీదు ఎంతో కాస్త లెక్క వేసి చూడు. ఇంటర్న్‌షిప్ మొత్తం పది పన్నెండు వారాలు. మొదటి వారం పరిచయాలకూ ట్రైనింగులకూ పోతుంది. డేటా అనుమతులు రావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. జులై 4 సెలవు చుట్టూ సగం ఆఫీసు ఉండదు. చివరి వారం ప్రెజెంటేషన్‌ది. చేతికి మిగిలే అసలు పని ఆరేడు వారాలే. అందులో మూడు వారాలు తప్పు ప్రశ్న మీద పోతే ఇక తేరుకునే వ్యవధి లేదు.

దీనికి తోడు పీ అండ్ జీ ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది. నువ్వు వచ్చే జూన్‌లో మేనేజర్ పాత సంవత్సరం ముగింపులో మునిగి ఉంటాడు. జులైలో కొత్త బడ్జెట్లు వస్తాయి, కొందరి బాధ్యతలు మారతాయి, ఒక్కోసారి నీ మేనేజరే మారిపోతాడు. కొత్తగా వచ్చిన మనిషికి పాతాయన నోటితో ఏం చెప్పాడో ఎలా తెలుస్తుంది? రాసి ఉంటేనే తెలుస్తుంది.

అందుకే రెండో వారం శుక్రవారం లోపు ఒక్క పేజీ రాయి. ఒక్క పేజీయే, స్లయిడ్లు వద్దు. ఒక్కో బ్రాండుకీ బాధ్యులు ఉండే బ్రాండ్ మేనేజ్‌మెంట్ పద్ధతే 1931లో అప్పటి ఉద్యోగి నీల్ మెక్‌ఎల్‌రాయ్ రాసిన మెమోతో మొదలైన కంపెనీ ఇది. చిన్న పేజీలో స్పష్టంగా రాసేవాళ్ల మీద అక్కడ ఇప్పటికీ గౌరవం ఉంది. ప్రశ్న ఏమిటో ఒక వాక్యంలో మొదలుపెట్టు. ఆ తర్వాత, నీ జవాబు చూసి ఎవరు, ఎప్పుడు, ఏ నిర్ణయం తీసుకుంటారో రాయి. పేజీ మొత్తంలో విలువైనది ఈ వాక్యమే, జనం వదిలేసేదీ ఇదే. ఏ అంకెతో కొలుస్తావో, ఆ అంకె ఏ డేటా నుంచి, ఏ కాలానికి తీస్తావో రాయి. ఏవి చూడవో కూడా రాయి: ఆన్‌లైన్ అమ్మకాలు లెక్కలోకి రావు, చిన్న ప్యాకులు రావు, అలా. ఏ అనుమతులు కావాలో, అవి ఎవరి చేతిలో ఉన్నాయో పేర్లతో సహా రాయి. మిడ్‌పాయింట్ రివ్యూకి (సగం కాలం అయ్యాక జరిగే సమీక్షకి) ఏం చూపిస్తావో చివర్న పెట్టు. పంపించి, ఇందులో మీరైతే ఏం మారుస్తారు అని అడుగు. బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు, ఆ జవాబు నీకు ఎందుకూ పనికిరాదు.

కొలత విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ రంగంలో మామూలు మాటలకి రెండు మూడు అర్థాలుంటాయి. అమ్మకాలు అంటే కంపెనీ గోదాము నుంచి రిటైలర్‌కి వెళ్లిన సరుకా, దుకాణంలో కౌంటర్ దగ్గర స్కాన్ అయిన సరుకా? మొదటిది పెరిగి రెండోది పెరగకపోతే రిటైలర్ దగ్గర నిల్వ పేరుకుంటోందని అర్థం, కొన్ని వారాలకి ఆర్డర్లు పడిపోతాయి. పోయినేడాది అంటే జనవరి నుంచా, జులై నుంచా, గడిచిన 52 వారాలా? వారం కూడా అందరికీ ఒకటి కాదు. వాల్‌మార్ట్ వారం శనివారం మొదలై శుక్రవారం ముగుస్తుంది, వాళ్ల ఆర్థిక సంవత్సరం ఫిబ్రవరిలో మొదలవుతుంది. ఆ డేటాని ఆదివారంతో మొదలయ్యే వారాల డేటాకి అతికిస్తే ప్రతి ప్రమోషన్ ఒక రోజు పక్కకి జరిగి, ఫలితం రెండు వారాల మధ్య చీలిపోతుంది. కేసుల (కార్టన్ల) లెక్కలోనూ చూసుకో. పెద్ద డబ్బాల కేసునీ చిన్న డబ్బాల కేసునీ నేరుగా కూడకూడదు. సైజులని సమం చేసే ప్రామాణిక యూనిట్ ఒకటి కంపెనీ లోపల ఉంటుంది, మొదటి వారమే అడిగి తెలుసుకో.

ప్రమోషన్ ప్రాజెక్టుల్లో తరచూ జరిగే తప్పు ఇది. మామూలు వారంలో 1,000 కేసులు అమ్ముడవుతాయి, ప్రమోషన్ వారంలో 1,600 అయ్యాయి అనుకో. 600 అదనం అని స్లయిడ్ మీద పెద్ద అక్షరాలతో వేస్తారు. డిటర్జెంట్ చవకగా దొరికినప్పుడు జనం రెండు డబ్బాలు కొని ఇంట్లో పెట్టుకుంటారు, అంతమాత్రాన బట్టలేమీ ఎక్కువసార్లు ఉతకరు. తర్వాతి రెండు వారాలు 800 చొప్పున పడిపోతే 400 పోయాయి, నిజంగా మిగిలింది 200. ఆ 200లోనూ మన కంపెనీదే ఇంకో సైజు నుంచి వచ్చినవి ఎన్ని ఉన్నాయో చూసి తీసేయాలి. ఆ తర్వాతే ఇచ్చిన డిస్కౌంటుతో పోల్చు, అది 1,600 కేసుల మీదా ఇచ్చారని మర్చిపోకుండా. ప్రెజెంటేషన్ గదిలో మొదటి ప్రశ్న ఇక్కడి నుంచే వస్తుంది.

ప్లాంట్‌లో పడ్డవాళ్లకి ఇలాంటి పొరపాటు ఓఈఈ (లైన్ ఎంత బాగా నడుస్తోందో చెప్పే అంకె) దగ్గర జరుగుతుంది. లైన్ నడిచిన సమయం, నడిచిన వేగం, బాగున్న సరుకు శాతం, మూడింటినీ గుణించాలి. 85 శాతం, 90 శాతం, 98 శాతం విడివిడిగా ముచ్చటగా కనిపిస్తాయి, గుణిస్తే 75. నీకు చెప్పిన ఆగుడు ఈ మూడింటిలో దేనిదో తెలియకుండా పరిష్కారం వెతకొద్దు. ప్రొడక్ట్ మార్చేటప్పుడు అయ్యే ఆగుడు, మెషిన్ జామ్ అయ్యే రెండేసి నిమిషాల ఆగుడు వేర్వేరు జబ్బులు. చిన్న ఆగుళ్లు చాలాసార్లు సిస్టమ్‌లో నమోదే కావు, రాత్రి షిఫ్ట్ ఆపరేటర్ పక్కన నిలబడితేనే తెలుస్తాయి. నిలబడేటప్పుడు ఉంగరాలు, గొలుసులు, చేతికి కట్టిన దారాలు, జాకెట్లకి వేలాడే తాళ్లు ఉండకూడదు. తిరుమల దారమైనా సరే, ముందు రోజే తీసి పెట్టుకో, గేటు దగ్గర వాదించకు. ఆగిన మెషిన్‌లో చెయ్యి పెట్టవద్దు, రిపేరు కోసం మెషిన్‌కి లాక్ వేసిన మనిషే ఆ లాక్ తీయాలి.

పేజీకి ఆమోదం వచ్చాక రెండో మొహమాటం మొదలవుతుంది: సగం పనిని చూపించకుండా దాచుకోవడం. మన చదువులో ఆన్సర్ షీట్ ఒక్కసారే ఇస్తాం కాబట్టి ఇక్కడా అంతా పూర్తిచేసి ఒకేసారి అదరగొడదాం అనుకుంటారు. దయచేసి ఆ పని చేయకు. ప్రతి గురువారం, సగం నింపిన పట్టికైనా సరే, మూడు వాక్యాలతో పంపు: ఏం తేలింది, ఎక్కడ ఆగాను, వచ్చే వారం ఏం చేస్తాను. ఒకే చోట సగం రోజు ఇరుక్కుంటే అడిగేయి. డేటా అనుమతి మూడు పనిదినాల్లో రాకపోతే మేనేజర్‌ని కాపీలో పెట్టి గుర్తుచేయి, దాన్ని ఎవరూ చాడీగా అనుకోరు. మేనేజర్ మెత్తగా, దీన్ని ఇంకో వైపు నుంచి కూడా చూద్దామా, అంటే మార్చమని అర్థం. నవ్వుతూ చెప్పారని పక్కన పెడితే మిడ్‌పాయింట్ రివ్యూలో అదే మాట రాతపూర్వకంగా కనిపిస్తుంది.

ఒక శనివారం క్రోగర్ సూపర్‌మార్కెట్‌కి వెళ్లి డిటర్జెంట్ల వరసలో గంటసేపు నిలబడు. క్రోగర్ హెడ్‌ఆఫీసు కూడా ఈ ఊరే. మన దగ్గర ఖరీదైనది ఏరియల్, టైడ్ దాని కింద. ఇక్కడ టైడే పై మెట్టు మీద ఉంటుంది. డ్రయ్యర్‌లో వేసే బౌన్స్ షీట్లు, నేల తుడిచే స్విఫర్ లాంటివి ఇంట్లో ఎప్పుడూ చూడనివి. ధర చీటీలో ఔన్సుకో, లోడుకో ఎంత పడుతుందో చిన్న అక్షరాల్లో ఉంటుంది, జనం ఏది తీసి ఏది వెనక్కి పెడుతున్నారో చూడు. ఫోటోలు తీయకుండా కాగితం మీద రాసుకో.

కంపెనీ ఫైలు ఏదీ నీ సొంత మెయిల్‌కి పంపొద్దు, అనుమతి లేని బయటి ఏఐ టూల్‌లో అతికించొద్దు. దీనికి రెండో అవకాశం ఉండదు. రెజ్యూమెలో ఏ అంకె రాసుకోవచ్చో వెళ్లే ముందే మేనేజర్‌తో రాతలో ఖాయం చేసుకో.

తిరిగి ఉద్యోగం ఇస్తారా అన్న బెంగ అందరికీ ఉంటుంది. పై స్థానాలకి లోపలివాళ్లనే పెంచుకునే కంపెనీ కాబట్టి ఇంటర్న్‌షిప్‌ని వాళ్లు నిజంగానే పట్టించుకుంటారు. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన శైలేష్ జెజూరికర్ 1989లో ఇండియాలో అసిస్టెంట్ బ్రాండ్ మేనేజర్‌గా చేరి, 2026 జనవరి 1న సీఈఓ అయ్యారు. అయితే నీ డిగ్రీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉందా, ఓపీటీ ఒక ఏడాదితో ఆగుతుందా, ఇంకో 24 నెలలు వస్తుందా అన్నది నీకు ముందే తెలియాలి. నీ విభాగంలో వీసా స్పాన్సర్‌షిప్ ఉందో లేదో రిక్రూటర్‌ని ఆరో వారం కల్లా మెయిల్‌లో అడుగు.

సరే, ఇంత భయపెట్టాక ఇది కూడా చెప్పాలి. నీ ఇంటర్న్‌షిప్ చెడితే మేనేజర్‌కీ మంచి పేరు రాదు, కాబట్టి ఆ మనిషి నీ పక్షమే. పేరు పెట్టి పిలవమంటే పిలిచేయి. ప్రమోషన్ దండగ అని నీ లెక్కలో తేలితే అది కూడా మంచి ఫలితమే, కారణం చూపించగలిగితే గదిలో ఎవరూ చిన్నబుచ్చుకోరు. తడబడే ఇంగ్లీషు అడ్డం రాదు, అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేకపోవడమే అడ్డం. మూడో వారంలో ఏమీ అర్థం కానట్టు ఉండడం మామూలే, పక్క సీట్లో ధీమాగా కనిపిస్తున్న అబ్బాయికీ అలాగే ఉంటుంది.

చివరి రోజు లాప్‌టాప్ ఇచ్చేసే ముందు పేస్లిప్‌లన్నీ దించుకో, పేరోల్ సైట్‌లో సొంత మెయిల్ ఐడీ పెట్టు. సబ్‌లీజ్ అడ్రసు తీసేసి యూనివర్సిటీ ఊరి అడ్రసు ఇవ్వు. ఏడాది జీతం, పన్ను కోతలు చూపే డబ్ల్యూ-2 జనవరి చివరికి వస్తుంది. పాత అడ్రసుకి వెళ్తే ఆ ఇంట్లో ఎవరుంటారో తెలియదు, నాన్‌రెసిడెంట్ల టాక్స్ రిటర్న్ 1040-ఎన్ఆర్ వేయడానికి ఆ కాగితమే కావాలి.