మూలన పడ్డ ఆర్‌ఎక్స్ 100: ముందు ట్యాంకు, తర్వాతే కిక్కు

కళింగపట్నం, భీమిలి వైపు ఉప్పుగాలికి ఏళ్ల తరబడి నిలబడ్డ యమహా ఆర్‌ఎక్స్ 100కి కొత్త పెట్రోల్ పోసి కిక్కు కొట్టకండి. ట్యాంకులోని తుప్పు నేరుగా కార్బురేటర్ జెట్లలోకి (పెట్రోల్ వెళ్లే సన్నటి ఇత్తడి రంధ్రాలు) దిగుతుంది.

ట్యాంకు విప్పి, పెట్రోల్ కాక్ (ట్యాంకు కింది కుళాయి) తీసి, ఆ రంధ్రం గట్టిగా మూయండి. పాత పెట్రోల్ వంపేశాక గుప్పెడు నట్లు వేసి, నీళ్లు కలపని వెనిగర్ నిండా పోసి ఒక రోజు ఉంచండి. మధ్యమధ్య ఊపాలి. బయట పెయింట్ మీద ఒలికితే వెంటనే కడగండి. నట్లు లెక్కపెట్టి తీసి, లీటరు నీటికి రెండు చెంచాల వంటసోడా కలిపి కడగండి. ఆమ్లం మిగిలినా, తడి ఉన్నా తుప్పు మళ్లీ పడుతుంది. అందుకే వెంటనే ఆరబెట్టి, లోపలంతా టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజనుకు వాడే ఆయిల్) తిప్పాలి.

జెట్లలో తీగ గుచ్చొద్దు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదవుతుంది. కార్బురేటర్ క్లీనర్ కొట్టి గాలి పట్టండి. పైలట్ జెట్ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు పెట్రోల్ అందించే చిన్న జెట్) మూసుకుంటే బండి ఐడ్లింగ్‌లో ఆగిపోతుంది.

అసలు ప్రమాదం ఇంజనుకు టూటీ ఆయిల్ పంపే ఆయిల్ పంపుది. పైపులో గాలి ఉంటే ఇంజనుకు ఆయిల్ అందక పిస్టన్ కదలకుండా పట్టేస్తుంది. పంపు మీది బ్లీడ్ స్క్రూ (గాలి వదిలే స్క్రూ) వదులుచేసి బుడగలు పోయేదాకా ఆయిల్ కారనివ్వండి. పంపు పనిచేస్తోందని తేలేవరకు లీటరు పెట్రోల్‌లో 25 మి.లీ. టూటీ ఆయిల్ కలపండి. పొగ ఎక్కువొస్తే రానివ్వండి.