బీఎడ్ వాళ్లకి ఆన్‌లైన్ సబ్జెక్ట్ గైడ్: కౌంటర్ దగ్గర మొదలుపెట్టండి

నెల్లూరు దగ్గర ఒక బీఎడ్ కాలేజీలో లైబ్రేరియన్‌ని. మొదటిసారి ఆన్‌లైన్ సబ్జెక్ట్ గైడ్ (ఒక సబ్జెక్టుకి పనికొచ్చే పుస్తకాలు, వెబ్‌సైట్లు ఒకచోట చూపించే వెబ్ పేజీ) చేసినప్పుడు 11 ట్యాబులు, 140 లింకులు పెట్టాను. వారం రోజులు రాత్రి పన్నెండు దాకా కూర్చున్నా. ప్రిన్సిపాల్ గారు చూసి "బాగుందమ్మా" అన్నారు. మర్నాడే ఉదయగిరి నుంచి వచ్చే అమ్మాయి కౌంటర్ మీద మోచేతులు ఆనించి, "మేడం, కేస్ స్టడీ రికార్డు ఎట్టా రాయాలో చూపించే పుస్తకం ఏదన్నా ఉందా?" అంది. నా 140 లింకుల్లో దానికి జవాబు ఉందో లేదో నాకే గుర్తు రాలేదు.

అందుకే, గైడ్ చేయాలనుకుంటే ముందు కంప్యూటర్ తెరవకండి. రూళ్ల నోట్‌బుక్ ఒకటి కౌంటర్ దగ్గర పెట్టుకుని, నెల రోజులు ఎవరు ఏమడిగినా వాళ్ల మాటల్లోనే రాయండి. "అభ్యసనం" అని మీరు దిద్దొద్దు; వాళ్లు "సైకాలజీలో లెర్నింగ్ థియరీలు" అంటే అదే రాయండి. నా నోట్‌బుక్‌లో నెలాఖరుకి తేలినవి ఇవీ: లెసన్ ప్లాన్లు, మైక్రో టీచింగ్ (చిన్న పాఠంతో బోధన సాధన), రికార్డులు (చేసిన ప్రాక్టికల్ పని రాసిచ్చేవి), టీఎల్ఎం (బోధనోపకరణాలు), యాక్షన్ రీసెర్చ్ (తన తరగతి సమస్య మీద టీచరే చేసే చిన్న పరిశోధన), టెట్. సిలబస్‌లో ఉన్న పేపర్ల పేర్లు అడిగినవాళ్లు చాలా తక్కువ. ట్యాబుల పేర్లు ఆ నోట్‌బుక్ నుంచే తీసుకున్నా.

ఇక పేజీ ఎక్కడ చేయాలి? విదేశాల్లో చాలా యూనివర్సిటీ లైబ్రరీలు లిబ్‌గైడ్స్ అనే సాఫ్ట్‌వేర్ వాడతాయి, దానికి ఏటా డబ్బు కట్టాలి. మనకి గూగుల్ సైట్స్ చాలు. జీమెయిల్ ఉంటే ఉచితం, కోడింగ్ అక్కర్లేదు. చేసే ప్రతి పేజీనీ ఫోన్‌లో ఎలా కనబడుతుందో ప్రివ్యూలో చూసుకోండి. మా పిల్లలు గైడ్ చూసేది ఆత్మకూరు బస్టాండ్‌లో బస్సు కోసం నిలబడి. బస్సు ఊరు దాటాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. పెద్ద పెద్ద బొమ్మలు పెడితే పేజీ తెరుచుకోదు. ముందు నేను పెట్టిన లైబ్రరీ ఫోటోలన్నీ తీసేశా, బాధ అనిపించింది కానీ తీసేశా.

ఒక్క ట్యాబుకి ఏడెనిమిది కంటే ఎక్కువ లింకులు పెట్టకండి. ప్రతి లింకు కింద రెండు మూడు వాక్యాలు తెలుగులో రాయండి. గైడ్‌లో అసలు పని ఇదే. ఉదాహరణకి ఇగ్నో (దూరవిద్య యూనివర్సిటీ) వాళ్ల పాఠాలుండే వెబ్‌సైట్ ఈజ్ఞాన్‌కోశ్ గురించి నేను రాసింది:

"ఇగ్నో బీఎడ్ పాఠాలు యూనిట్ల వారీగా పీడీఎఫ్‌లో ఉంటాయి. ఇంగ్లీషులో ఉంటాయి, కానీ వాక్యాలు తేలిక. సైకాలజీకి బీఈఎస్ 121, బీఈఎస్ 123 చూడండి. మొత్తం డౌన్‌లోడ్ చేయొద్దు, కావలసిన యూనిట్ ఒక్కటే తీసుకోండి."

ఇంతే. ఎక్కడికి పోవాలి, అక్కడ ఏం దొరుకుతుంది, ఏది వదిలేయొచ్చు. "ఇది చాలా ఉపయోగకరమైన వెబ్‌సైట్" అని రాస్తే ఎవరికీ ఉపయోగం ఉండదు.

టీచర్లకి వేరే ట్యాబు ఉండాలి. పల్లిపాడు డైట్‌లో (ప్రభుత్వ టీచరు శిక్షణ సంస్థ) చదివి ఇప్పుడు ఏకోపాధ్యాయ పాఠశాలలో చేస్తున్న ఒక టీచరమ్మ సెలవు రోజున వచ్చింది. ఒకే గదిలో ఐదు తరగతులు, యాక్షన్ రీసెర్చ్‌కి ఏదైనా కావాలంది. ఆవిడతో పాటే కూర్చుని ఎరిక్ తెరిచాం. అది అమెరికా విద్యాశాఖ వాళ్ల డేటాబేస్, ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. ఆవిడ "సింగిల్ టీచర్ స్కూల్" అని కొట్టింది, మనకి పనికొచ్చేవి సరిగ్గా రాలేదు. ఎరిక్‌కి సొంత పదకోశం ఉంది, అందులో ఒకే గదిలో పలు తరగతులు నడపడానికి పెట్టిన పేరు "మల్టీగ్రేడెడ్ క్లాసెస్". ఆ మాటతో వెతికి, పూర్తి పాఠం ఎరిక్‌లోనే ఉన్నవి మాత్రమే చూపించమని గడిలో టిక్ పెట్టగానే చదువుకోదగ్గవి బయటపడ్డాయి. నంబరు ముందు ఈజే అని ఉంటే పత్రికలో వచ్చిన వ్యాసం, ఈడీ అని ఉంటే రిపోర్టు లాంటిది. ఇదంతా మెట్టు మెట్టుగా, ఒక స్క్రీన్‌షాట్‌తో గైడ్‌లో పెట్టా. వెతకాల్సిన మాటలు కూడా ఇంగ్లీషు స్పెల్లింగ్‌తో రాసిపెట్టా, ఎందుకంటే చాలామంది ఆగిపోయేది అక్కడే.

ఎంఎడ్ వాళ్లకి శోధ్‌గంగ తప్పదు. మన దేశంలో యూనివర్సిటీలకి ఇచ్చిన పీహెచ్‌డీ థీసిస్‌లు అక్కడ అధ్యాయాల వారీగా విడి పీడీఎఫ్‌లుగా ఉంటాయి. పరిశోధన సమీక్ష అధ్యాయం ఒక్కటి తెరిస్తే చాలు, తర్వాత ఏం చదవాలో అదే చెబుతుంది. ప్రైమరీ టీచర్లకి ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ పెట్టా; తెలుగు కథలు చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా ఉంటాయి, ప్రింట్ తీసి పిల్లలకి ఇవ్వొచ్చు. ఎన్‌సీఈఆర్‌టీ, ఎస్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు, దీక్ష (ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక) సరేసరి.

ఆన్‌లైన్ గైడ్ అని మన అరల్లో ఉన్నవాటిని మరిచిపోకండి. పుస్తకాలని విషయాల వారీగా అంకెలతో సర్దే డ్యూయీ వర్గీకరణలో విద్య 370 దగ్గర మొదలవుతుంది కాబట్టి బీఎడ్ పిల్లలు ఆ అర దగ్గరే తిరుగుతారు. కానీ హైస్కూల్ గణిత బోధన పుస్తకం 510.71 కింద గణితం అరలో ఉంటుంది, సైన్స్ బోధన 507.1 కింద సైన్స్ అరలో. మెథడాలజీ (బోధన పద్ధతుల) పుస్తకం లేదని వెళ్లిపోయినవాళ్లలో సగం మంది వెతికింది తప్పు అరలో. అందుకని ప్రతి ట్యాబులో "మన లైబ్రరీలో" అని చిన్న పెట్టె పెట్టి సైకాలజీ 370.15, ప్రత్యేక విద్య 371.9, ఏ గోడ వైపు అర అన్నది కూడా రాశా. తెలుగు అకాడమీ పుస్తకాలు ఎన్ని కాపీలున్నాయో కూడా.

రెండు జాగ్రత్తలు. డీటీపీ షాపులో అను ఫాంట్‌లో కొట్టిన పాత ప్రశ్నపత్రాలు కాపీ చేసి గైడ్‌లో అతికించకండి. నేను అతికించి, చూసుకోకుండా పబ్లిష్ నొక్కేశా. తెల్లారేసరికి పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాల పిచ్చిగీతలు. యూనికోడ్‌లోకి (ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనబడే పద్ధతి) మార్చుకోవాలి, లేదా మళ్లీ కొట్టుకోవాలి. ఇంకోటి, ఎవరో ఒకరు "మేడం, ఫలానా పరీక్షల గైడు పుస్తకం స్కాన్ చేసి పెట్టండి" అంటారు. అమ్మకానికి ఉన్న పుస్తకాన్ని స్కాన్ చేసి పెట్టకూడదు. అర నంబరు ఇవ్వండి.

లింకులు చచ్చిపోతుంటాయి, ముఖ్యంగా ప్రభుత్వ సైట్లవి. రెండో ఏడు వాళ్లు 16 వారాల ఇంటర్న్‌షిప్‌కి వెళ్లే ముందు ఒకసారి, పరీక్షల ముందు ఒకసారి అన్నీ నొక్కి చూస్తా. పేజీ అడుగున "చివరిగా సరిచూసిన తేదీ" రాస్తా. క్యూఆర్ కోడ్ ప్రింట్ తీసి చదువుకునే బల్లల మీద అంటించా. నోటీసు బోర్డు మీద పెట్టింది మాత్రం ఎవరూ స్కాన్ చేసినట్టు లేదు.

పబ్లిష్ చేసేముందు గైడ్ ఇంతవరకు చూడనివాళ్ల చేతిలో ఫోన్ పెట్టి ఒక్క పని చెప్పండి, మీరు నోరు మెదపకండి. నేను ఆ ఉదయగిరి అమ్మాయికే ఇచ్చి "కేస్ స్టడీ నమూనా వెతుకు" అన్నా. మూడు ట్యాబులు తిప్పి, "రికార్డులు యాడుండాయి మేడం?" అంది. నోట్‌బుక్‌లో రికార్డులనే రాసుకున్న నేను, పేజీ చేసేటప్పుడు గొప్పగా ఉంటుందని "ప్రాక్టికమ్" అని పెట్టా. అక్కడే, ఆమె ముందే మార్చా. ఫోన్ తిరిగిచ్చేస్తూ, "టెట్ పాత పేపర్లు కూడా పెట్టండి మేడం, మా అక్క అడగతా ఉంది" అంది. నోట్‌బుక్‌లో రాసుకున్నా.