సగం స్టేజి, సగం స్టూడియో: లైవ్ పాటలు, కొత్త పాటలు ఒకే ఆల్బమ్‌లో ఎలా కలపాలి

టూర్ అయిపోయింది, షోలన్నీ రికార్డ్ అయి హార్డ్ డిస్క్‌లో పడున్నాయి, పక్కన నాలుగైదు కొత్త పాటలు రెడీగా ఉన్నాయి. ఫుల్ స్టూడియో ఆల్బమ్‌కి ఆ నాలుగైదు చాలవు, ఫుల్ లైవ్ ఆల్బమ్ వేస్తే మళ్ళీ పాతవేనా అంటారు, సరే రెండూ కలిపేద్దాం అని ఏ బ్యాండ్‌కైనా అనిపిస్తుంది. ఐడియా మంచిదే. కాకపోతే చాలామంది దీన్ని చివర్లో ఫైళ్ళన్నీ ఒక ఫోల్డర్‌లో పడేసి వరస పెట్టే పని అనుకుంటారు, దెబ్బ తినేది అక్కడే. జనం అరుపుల్లో ఉన్న వినేవాడు ఒక్కసారిగా నిశ్శబ్దంగా ఉన్న గదిలోకి వచ్చి పడే రెండు మూడు సెకన్లు ఉంటాయి చూడండి, ఈ టైపు ఆల్బమ్ నిలబడాలన్నా పడిపోవాలన్నా అక్కడే. అందుకని ఆ అతుకులు ఎక్కడొస్తాయో ముందు తేల్చుకుని తర్వాత రికార్డింగ్ మొదలెట్టండి.

అతుకు దాచాలా, చూపించాలా? చూపించడం తేలిక. క్రీమ్ 1968లో 'వీల్స్ ఆఫ్ ఫైర్' అలాగే చేసింది, రెండు ఎల్పీల్లో (పెద్ద వినైల్ ప్లేట్లలో) ఒకటి మొత్తం స్టూడియో, ఇంకోటి మొత్తం లైవ్. పింక్ ఫ్లాయిడ్ మరుసటి ఏడాది 'ఉమ్మగుమ్మ'కి అదే పద్ధతి. జెడ్‌జెడ్ టాప్ 1975లో 'ఫాండాంగో'కి ఒకే ప్లేట్‌లో ఒక వైపు లైవ్, రెండో వైపు స్టూడియో పెట్టింది. కిస్ 1977లో 'అలైవ్ టూ' చేసేటప్పుడు మొదటి 'అలైవ్'లో వచ్చిన పాటలు మళ్ళీ వెయ్యకూడదనుకుని మూడు వైపులు లైవ్, నాలుగో వైపు కొత్త స్టూడియో పాటలు నింపింది. ఇవన్నీ ఎందుకు నడిచాయంటే, ప్లేట్ తిప్పడానికి లేవాలి కాబట్టి వినేవాడి చెవికి అక్కడ సహజంగానే ఒక బ్రేక్ దొరికేది. ఇప్పుడు స్ట్రీమింగ్‌లో తిప్పేదేం లేదు, ఏడో పాట లైవ్, ఎనిమిదోది స్టూడియో, మధ్యలో అర సెకను. ఆ బ్రేక్ ఇప్పుడు మనమే తయారు చెయ్యాలి.

రెండో దారి కలగలిపి పెట్టడం. యూటూ 1988లో 'రాటిల్ అండ్ హమ్' ఇలా చేసింది, 1987 టూర్ లైవ్ పాటల మధ్యలో కొత్త స్టూడియో పాటలు, వాటిలో కొన్ని మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో రికార్డ్ చేసినవి. అప్పట్లోనే దాని మీద రెండు రకాల మాటలు వచ్చాయి, కొందరికి తెగ నచ్చింది, కొందరు ఇదేంటి ఇంత చెల్లాచెదురుగా ఉంది అన్నారు. నా లెక్క ప్రకారం ఒకటి లైవ్ ఒకటి స్టూడియో అని మార్చి మార్చి పెట్టడం అన్నిటికంటే చెడ్డ పని, చెవికి ఎక్కడా కుదురు ఉండదు. మూడు లైవ్, రెండు స్టూడియో, మళ్ళీ మూడు లైవ్, ఇలా గుంపులుగా పెడితే అతుకులు తగ్గుతాయి, ఉన్న ఒకటి రెండింటి మీద గట్టిగా పని చెయ్యొచ్చు.

మూడోది నాకు బాగా ఇష్టమైంది, కొత్త పాటల్ని కూడా స్టేజి మీదే రికార్డ్ చెయ్యడం. జాక్సన్ బ్రౌన్ 1977లో 'రన్నింగ్ ఆన్ ఎంప్టీ'కి అంతకుముందు తన ఆల్బమ్‌లలో రాని పాటల్నే స్టేజి మీద, హోటల్ గదుల్లో, టూర్ బస్సులో కూడా రికార్డ్ చేశాడు. నీల్ యంగ్ 1979లో 'రస్ట్ నెవర్ స్లీప్స్'లో ఎక్కువ భాగం స్టేజి రికార్డింగులే తీసుకుని జనం సౌండ్ చాలావరకు తీసేసి పైన కొంత ఓవర్‌డబ్ చేశాడు, అంటే తర్వాత అదనంగా రికార్డ్ చేసి కలిపాడు. ఆర్ఈఎమ్ 1996 నాటి 'న్యూ అడ్వెంచర్స్ ఇన్ హై-ఫై'కి ముందు ఏడాది టూర్‌లో షోలు, సౌండ్‌చెక్‌లు (షోకి ముందు ఖాళీ హాల్లో సౌండ్ సరిచూసుకునే వాయింపు) రికార్డ్ చేసుకుని, మిగతావి స్టూడియోలో పూర్తి చేసింది. ఈ సౌండ్‌చెక్ ఐడియా చిన్న బ్యాండ్లకి బంగారం. హాలు ఖాళీ, డ్రమ్స్ అవే, యాంప్‌లు అవే, మైకులు అప్పటికే పెట్టేసి ఉంటాయి, కొత్త పాట నాలుగు సార్లు వాయించెయ్యండి, వోకల్ తర్వాత స్టూడియోలో పాడుకోవచ్చు. అప్పుడు ఆ పాట లైవ్ పాటల పక్కన పెట్టినా డ్రమ్ సౌండ్‌లో తేడా పెద్దగా తెలీదు.

ఇక లైవ్ రికార్డింగ్. మిక్సర్ నుంచి రెండు చానల్స్ స్టీరియో ఒక్కటే తీసుకుంటే చాలదు, ఆశ పెట్టుకోకండి. హాలు చిన్నదైతే గిటార్ యాంప్ స్టేజి మీద నుంచే గట్టిగా వినిపిస్తుంది కాబట్టి ఇంజనీర్ దాన్ని పీఏలో (హాలు స్పీకర్లలో) దాదాపు పెట్టడు, ఆ రికార్డింగ్ వింటే వోకల్ ఆకాశంలో, గిటార్ పాతాళంలో ఉంటాయి. ప్రతి మైకు విడిగా ట్రాక్ కావాలి. ఇప్పుడు చాలా డిజిటల్ మిక్సర్లలో ఇది మామూలే, బెహ్రింగర్ ఎక్స్32 లాంటి దానికి యూఎస్‌బీ కార్డ్ ఉంటే ఒక కేబుల్‌తో 32 చానల్స్ ల్యాప్‌టాప్‌లోకి వచ్చేస్తాయి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక్కో ట్రాక్ గంటకి సుమారు 518 ఎంబీ, 32 ట్రాక్‌లైతే 16 జీబీ పైమాటే, కాబట్టి డిస్క్‌లో ఖాళీ ముందే చూసుకోండి. గెయిన్ (మిక్సర్‌లోకి వచ్చే మైకు సిగ్నల్‌ని మొదట పెంచే నాబ్) తక్కువలో పెట్టించండి, సౌండ్‌చెక్‌లో మీటర్ మీద పీక్‌లు మైనస్ 12 డీబీ దగ్గర ఆగితే షోలో జనాన్ని చూసి డ్రమ్మర్ రెచ్చిపోయినా క్లిప్ అవ్వదు, అంటే సౌండ్ పగలదు. షో మధ్యలో ఆ ప్రీయాంప్ గెయిన్ ముట్టుకోవద్దని ఇంజనీర్‌కి ముందే చెప్పండి, అక్కడ ఆయన మారిస్తే రికార్డింగ్‌లోనూ మారిపోతుంది, ఫేడర్ (వాల్యూమ్ మీట) ఎంత కదిపినా మనకి నష్టం లేదు. బేస్‌కి, గిటార్‌కి యాంప్ మైకుతో పాటు ఒక డీఐ లైన్ (యాంప్, మైకు లేకుండా వాద్యం నుంచి నేరుగా వచ్చే సిగ్నల్) కూడా తీసుకోండి, తర్వాత అదే యాంప్‌లోంచి మళ్ళీ నడిపించుకోవచ్చు.

జనం మైకులు మర్చిపోయే బ్యాండ్లు చాలా ఎక్కువ. కనీసం రెండు కండెన్సర్ మైకులు స్టేజి రెండు అంచుల్లో, స్పీకర్ల వైపు కాకుండా జనం వైపు తిప్పి పెట్టాలి. వీలుంటే హాలు వెనక మిక్సర్ దగ్గర ఇంకో జత. శబ్దం సెకనుకి 343 మీటర్లు వెళ్తుంది, అంటే 30 మీటర్ల దూరంలో ఉన్న మైకుకి స్నేర్ డ్రమ్ దెబ్బ సుమారు 87 మిల్లీసెకన్లు లేటుగా చేరుతుంది, అలాగే కలిపితే ప్రతి దెబ్బా రెండుసార్లు వినిపిస్తుంది. ఎడిటింగ్‌లో స్నేర్ దెబ్బ చూసి ఆ వెనక మైకుల ట్రాక్‌ని ముందుకి జరపండి, 150 హెర్ట్జ్ కింద ఉన్న సౌండ్ కోసెయ్యండి, వాల్యూమ్ పాట నడుస్తున్నప్పుడు కిందకి, పాట అయ్యాక పైకి. ఇంకో చిన్న పని, బ్యాండ్ స్టేజి ఎక్కకముందు జనం మాట్లాడుకునే గోల ఒక రెండు నిమిషాలు, హాలు ఖాళీగా ఉన్నప్పటి నిశ్శబ్దం ఒక నిమిషం రికార్డ్ చేసి దాచుకోండి. అతుకులకి ఇదే మెటీరియల్. ఖాళీ హాల్లో ఒక బెలూన్ పగలగొట్టి ఆ శబ్దం కూడా పట్టుకోండి, కన్వల్యూషన్ రివర్బ్ (ఒక గది ఎకోని వేరే సౌండ్‌కి అద్దే సాఫ్ట్‌వేర్)లో వేస్తే ఆ హాలు ఎకో తర్వాత స్టూడియో పాటలకి కొంచెం అద్దొచ్చు.

రిపేర్ల సంగతి. బేస్ తప్పు నోట్ డీఐలో సరిచెయ్యడం ఈజీ, హార్మనీ మళ్ళీ పాడటమూ పర్లేదు. మెయిన్ వోకల్ దగ్గరే తిప్పలు, ఎందుకంటే పాత తప్పు స్వరం డ్రమ్స్ పైన పెట్టే ఓవర్‌హెడ్ మైకుల్లోకి ఎప్పుడో దూరిపోయి ఉంటుంది, కొత్తగా పాడినదాని వెనక సన్నగా వినిపిస్తూనే ఉంటుంది. డ్రమ్మర్ చెవిలో క్లిక్ (టెంపో చెప్పే టిక్ టిక్) వింటూ వాయించి ఉంటే ఇంకో రోజు షోలోంచి ఆ లైన్ తెచ్చి పెట్టడం దీనికంటే నయం. గొంతు కాస్త జీరపోయిన చోట్లు వదిలెయ్యమనే నేను అంటాను, అన్నీ తుడిచేశాక ఇక లైవ్ అని పేరెందుకు.

స్టూడియో పాటలకి వచ్చేసరికి ఒక ఆశ చంపుకోవాలి, టైమ్ ఉంది కదా అని గిటార్ మీద గిటార్ పది లేయర్లు వెయ్యడం. లైవ్‌లో ఒక గిటార్ ఎడమ, ఒకటి కుడి వినిపించి, తర్వాతి పాటలో గోడలా గిటార్లు వచ్చి పడితే, వినేవాడికి లైవ్ పాటలే బక్కగా అనిపిస్తాయి. డ్రమ్స్, బేస్, రిథమ్ గిటార్ ఒకే గదిలో కలిసి వాయించండి, స్నేర్ అదే వాడండి, ఎడమ కుడి లైవ్‌లో ఎలా ఉందో అలాగే ఉంచండి. స్టేజి మీద అర మెట్టు కిందకి ట్యూన్ చేసే అలవాటుంటే స్టూడియోలోనూ అలాగే, లేకపోతే పాట మారినప్పుడు గొంతు రంగే మారినట్టుంటుంది. మిక్సింగ్‌లో లైవ్ పాటలు ముందు పూర్తి చెయ్యండి, ఎందుకంటే వాటిలో మనం మార్చగలిగేది తక్కువ, అన్ని మైకుల్లోకి అన్నీ కలిసిపోయి ఉంటాయి. స్టూడియో పాటల్ని వాటి దగ్గరికి తీసుకురావడం కుదురుతుంది, రివర్స్‌లో కుదరదు.

ఇప్పుడు ఒక అతుకు దగ్గరగా చూద్దాం. లైవ్ పాట పెద్ద గిటార్ మోత మీద ఆగింది, జనం అరుస్తున్నారు, తర్వాతది స్టూడియో పాట, డ్రమ్మర్ కర్రలతో నాలుగు కొట్టి మొదలెడతాడు. జనం సౌండ్‌ని ఏడెనిమిది సెకన్లు తగ్గిస్తూ వెళ్ళండి, కానీ ఫేడర్ ఒక్కటే లాగితే ఎవరో వాల్యూమ్ తిప్పినట్టుంటుంది, దాంతోపాటు హై ఫ్రీక్వెన్సీ కూడా మెల్లగా తగ్గిస్తే గుంపు దూరం జరిగినట్టు వస్తుంది. చివరి రెండు సెకన్ల గోల కర్రల దెబ్బల కింద సన్నగా ఉండనివ్వండి, ఆ నాలుగూ అయి పాట మొదలయ్యే టైమ్‌కి పూర్తిగా పోవాలి. కొత్త పాట ఫుల్ బ్యాండ్‌తో ఒక్కసారిగా మొదలయ్యేదైతే ఈ తంటా అక్కర్లేదు, చప్పట్లని కత్తితో కోసినట్టు కోసేసి మొదటి నోట్ వెయ్యండి, అది ధైర్యంగా ఉంటుంది. సన్నగా మొదలయ్యే పాటకి మాత్రం అలా కోస్తే అక్కడ గొయ్యి తవ్వినట్టు వినిపిస్తుంది, దానికి స్టూడియో గది నిశ్శబ్దం ఒక సెకను ముందు పెట్టాలి, అచ్చంగా సున్నా కాకుండా గది గాలి ఉన్న నిశ్శబ్దం. స్టూడియో నుంచి లైవ్‌కి వెళ్ళే అతుకు తేలిక, చివరి గిటార్ మోత ఆరిపోతుండగా కింద నుంచి ఆ దాచుకున్న జనం గోల మెల్లగా లేపితే చాలు. అక్కడ చప్పట్లు మాత్రం వెయ్యకండి, స్టూడియో పాటకి జనం చప్పట్లు కొట్టినట్టు వినిపిస్తుంది, వినేవాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

ట్రాక్ ఎక్కడ విడగొట్టాలంటే, చప్పట్లూ స్టేజి మాటలూ అయిపోయిన పాట చివర్లో ఉండాలి, తర్వాతి పాట మొదటి నోట్ దగ్గర ట్రాక్ మొదలవ్వాలి. షఫుల్‌లో వినేవాడికి ఇరవై సెకన్ల ఉపన్యాసం ముందు రాకూడదు కదా. అసలు స్టేజి మాటలు ఆల్బమ్ మొత్తంలో ఒకటి రెండు చోట్ల చాలు, మొదటిసారి సరదాగా ఉన్న జోకు పదోసారి ప్రాణం తీస్తుంది. మొత్తం ఆల్బమ్‌ని ఒకే టైమ్‌లైన్ మీద పెట్టి అక్కడి నుంచి ట్రాక్‌లు కొయ్యండి, సీడీకి అయితే సెకనులో 75వ వంతు ఫ్రేమ్ హద్దు మీదే కోత పడాలి, తప్పితే రెండు ట్రాక్‌ల మధ్య టిక్ మని వినిపించే చాన్స్ ఉంది. ఎల్పీ కూడా తెస్తున్నట్టయితే వైపుకి 20 నిమిషాల దగ్గర ఆపండి, అప్పుడు ప్లేట్ తిప్పే చోటే ఒక అతుకు ఉచితంగా దొరుకుతుంది.

మాస్టరింగ్‌లో (రిలీజ్‌కి ముందు చివరి సౌండ్ సర్దుబాటులో) లౌడ్‌నెస్ మీటర్ నంబర్ సమానం చెయ్యాలని కూర్చోకండి. చప్పట్లు కూడా లెక్కలోకి వచ్చి లైవ్ పాట నంబర్ తప్పుగా చూపిస్తుంది, గట్టిగా లిమిటర్ (పీక్‌లని నొక్కి మొత్తం సౌండ్ పెంచేది) వేస్తే ముందు లేచేది జనం గోల, సింబల్సే. వోకల్ ఎంత దగ్గరగా వినిపిస్తుందో అది రెండు రకాల పాటల్లో సమానం చెయ్యండి, చెవితోనే. స్పాటిఫై మామూలుగా పాటల్ని మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్‌కి (ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే లెక్క) సర్దుతుంది, కానీ ఆల్బమ్ వరసగా వింటే పాటల మధ్య మనం పెట్టిన తేడా అలాగే ఉంచుతుంది, అందుకని సన్నని పాటని అనవసరంగా ఉబ్బించక్కర్లేదు.

పేపర్ పని బోర్ కానీ తప్పదు. పాత పాటలు ఏదైనా లేబుల్‌తో రిలీజ్ చేసి ఉంటే కాంట్రాక్ట్‌లో మళ్ళీ రికార్డ్ చెయ్యకూడదు అనే లైన్ ఉందేమో, అది లైవ్‌కి కూడా వర్తిస్తుందేమో చూడండి. స్టేజి మీదకి గెస్ట్‌గా వచ్చి పాడినవాళ్ళ దగ్గర రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి, ఇంకొకరి పాట వాయిస్తే దానికి లైసెన్స్, రికార్డింగ్‌కి విడిగా డబ్బు అడుగుతారేమో హాలు వాళ్ళ ఒప్పందంలో ఒకసారి చూసుకోండి. అప్‌లోడ్ చేసేటప్పుడు లైవ్ వెర్షన్‌కి కొత్త ఐఎస్ఆర్‌సీ కోడ్ (ఒక్కో రికార్డింగ్‌కి ఉండే గుర్తింపు నంబర్) ఇవ్వాలి, పాత స్టూడియో రికార్డింగ్ కోడ్ పెట్టేస్తే రెండూ ఒకటే అనుకుని లెక్కలు కలిపేస్తారు. 'లైవ్' అనేది వెర్షన్ గడిలో రాయండి, కొత్త పాటలకి ఆ గడి ఖాళీగా వదిలెయ్యండి, ఏ పాట ఎక్కడ ఏ తేదీన రికార్డ్ అయిందో, దేనికి స్టూడియోలో ఓవర్‌డబ్ చేశారో క్రెడిట్స్‌లో పెట్టెయ్యండి. సౌండ్‌చెక్ పాటలకి మాత్రం 'లైవ్' అని రాయకండి, జనం లేరు కాబట్టి.