థైరాయిడ్ గడ్డలు, ప్రొటీన్ పరీక్షలు - నాలుగో పాఠం: ‘క్యాన్సర్ కాదు’ అంటే ఎంత నమ్మాలి?

థైరాయిడ్ గడ్డ నుంచి సూదితో తీసిన కణాల్లోని ప్రొటీన్లను ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో పెప్టైడ్లుగా, అంటే చిన్న ముక్కలుగా తుంచి, వాటిని బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో కొలవడం దాకా పోయిన పాఠంలో వచ్చాం. థైరాయిడ్ కణాలు తయారుచేసే థైరోగ్లోబ్యులిన్ అనే ప్రొటీన్ మరీ ఎక్కువగా ఉండి మిగతా ప్రొటీన్లను కనబడనివ్వదని కూడా చూశాం. ఈసారి యంత్రంతో పని లేదు. కాగితం, పెన్ను చాలు.

సూది పరీక్షలో వచ్చిన కణాలను చూసి గడ్డలను 1 నుంచి 6 దాకా తరగతులుగా విడదీసే పద్ధతి పేరు బెథెస్డా. అసలు చిక్కు క్యాన్సరో కాదో తేలని బెథెస్డా 3, 4 తరగతుల్లో ఉంది. ఫాలిక్యులర్ గడ్డ క్యాన్సరా కాదా అన్నది, అది తన పొరను లేదా రక్తనాళాలను చీల్చుకుపోయిందా అన్నదాన్ని బట్టి తేలుతుంది. సూదికి వచ్చేవి విడి కణాలే, పొర రాదు. అందుకే చాలామందికి తేల్చుకోవడం కోసమే ఆపరేషన్ చేస్తారు. తీరా చూస్తే ఎక్కువ గడ్డలు మామూలువే. తీసేసిన గ్రంథి మళ్లీ రాదు. పూర్తిగా తీస్తే జీవితాంతం మాత్ర వేసుకోవాల్సిందే. ప్రొటీన్ పరీక్ష మీద ఇంత ఆశ పెట్టుకున్నది దీన్ని తప్పించడానికే. చైనాలోని హాంగ్‌జౌలో ఉన్న వెస్ట్‌లేక్ యూనివర్సిటీ బృందం సింగపూర్ వైద్యులతో కలిసి, 19 ప్రొటీన్లతో గడ్డలను వేరుచేసే పద్ధతిని 2022లో ప్రచురించింది.

ఇలాంటి పరీక్ష ఏదైనా సరే, జవాబును తూచడం ఇలా. అభ్యాసం కోసం సెన్సిటివిటీ (ఉన్న క్యాన్సర్లలో పరీక్ష పట్టుకునేవి) 90 శాతం, స్పెసిఫిసిటీ (మామూలు గడ్డల్లో పరీక్ష సరిగ్గా ‘కాదు’ అనేవి) 85 శాతం అనుకుందాం.

బెథెస్డా 3లో 400 గడ్డలు తీసుకోండి. సుమారు 20 శాతం క్యాన్సర్ అనుకుంటే 80 క్యాన్సర్లు, 320 మామూలువి. 80లో 72 దొరుకుతాయి, 8 తప్పించుకుంటాయి. 320లో 272కి ‘కాదు’ అని సరిగ్గానే వస్తుంది, 48కి అనవసరంగా ‘అవును’ అని వస్తుంది. అంటే ‘కాదు’ అని వచ్చినవి మొత్తం 280. వాటిలో నిజంగా కానివి 272, అంటే 97 శాతం. ఆపరేషన్ వాయిదా వేసి అల్ట్రాసౌండ్‌తో కనిపెట్టుకుని ఉండొచ్చా అని డాక్టరు, రోగి కూర్చుని ధైర్యంగా మాట్లాడుకోగల అంకె ఇది.

‘అవును’ సంగతి వేరు. అలా వచ్చిన 120లో క్యాన్సర్లు 72, అంటే 60 శాతమే. రిపోర్టు చూడగానే టెన్షన్ పడేవాళ్లకు ఈ ముక్క తప్పకుండా చెప్పాలి.

ఇప్పుడు అదే పరీక్షను బెథెస్డా 5కి, అంటే క్యాన్సర్ అనుమానం గట్టిగా ఉన్న తరగతికి వాడదాం. అక్కడ నాలుగింట మూడొంతులు క్యాన్సర్లే. 400లో 300 క్యాన్సర్లు, వాటిలో 30 తప్పించుకుంటాయి. మామూలువి 100, వాటిలో 85కి ‘కాదు’ అని వస్తుంది. ‘కాదు’లు మొత్తం 115, నిజమైనవి 85, అంటే 74 శాతం. పరీక్ష మారలేదు, రసాయనాలు మారలేదు. అయినా ‘కాదు’ అని విన్న ప్రతి నలుగురిలో ఒకరికి క్యాన్సర్ ఉన్నట్టే! ఇక్కడ ఆ జవాబును నమ్మి ఆపరేషన్ ఆపడం ప్రమాదం. అందుకే పరీక్ష ఎంత గొప్పదని అడిగే ముందు, ఏ తరగతి గడ్డకు చేశారో అడగండి. ఈ ప్రశ్న వేయని రిపోర్టు చర్చలు చాలా జరుగుతున్నాయి, అదే నా బాధ.

అభ్యాసం: బెథెస్డా 4లో 400 గడ్డలు, 30 శాతం క్యాన్సర్, పరీక్ష ఇదే. ‘కాదు’ను ఎంత శాతం నమ్మొచ్చు? ‘అవును’ను ఎంత? మీకు 95.2, 72 వస్తే అయిదో పాఠానికి రండి. అందులో గలెక్టిన్-3 అనే ప్రొటీన్‌కు రంగు పట్టిన స్లైడును చదవడం నేర్చుకుందాం.