ఫోర్ ఎల్ గేరు ఎక్కడానికే కాదు, దిగడానికీ

మా కోరాపుట్, జయపురం వైపు ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నవాళ్లలో చాలామందికి బురదలో దిగబడ్డాకే ఫోర్ ఎల్ (4L, నాలుగు చక్రాలూ నెమ్మదిగా లాగే లో గేరు) గుర్తొస్తుంది. అది వేస్తే ఇంజిన్‌కి కొత్త బలం వస్తుందనుకుంటారు. రాదు. వేగం వదులుకుని లాగుడు కొనుక్కుంటున్నాం, అంతే. ట్రాక్టరుని లో గేరులో పెట్టి దమ్ము చేసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

మారుతి జిమ్నీ జీపులో మాన్యువల్ గేర్ల బండినే తీసుకోండి. ఫస్ట్ గేరు నిష్పత్తి 4.425, ఇరుసు దగ్గరి డిఫరెన్షియల్‌ది 4.09, గుణిస్తే 18 చిల్లర. అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజిన్ 18 సార్లు తిరగాలి. ఫోర్ ఎల్‌లో ట్రాన్స్‌ఫర్ కేసు (గేర్‌బాక్సు నుంచి ముందు వెనక ఇరుసులకి లాగుడు పంచే పెట్టె) దాన్ని ఇంకో 2.002తో గుణిస్తుంది, 36 అవుతుంది. యాక్సిలరేటర్ ముట్టకుండా 800 ఆర్‌పీఎం దగ్గర వదిలేస్తే బండి గంటకి సుమారు 3 కిలోమీటర్లు పోతుంది. సంతకి కావిడి మోసుకెళ్లే మనిషి మనల్ని దాటిపోతాడు.

ఆ నెమ్మదే కావాలి. పొట్టంగి దగ్గర ఓ కొండ ఊరి నుంచి రాళ్లదారిలో టూ హెచ్‌లో (2H, రెండు చక్రాలే లాగే మామూలు గేరు), బ్రేకు మీద కాలు తీయకుండా దిగాను. సగం దారిలోనే కాలిన వాసన, కిందికొచ్చేసరికి పెడల్ మెత్తబడిపోయింది, పక్కనున్న మా బావ మాట్లాడటం మానేశాడు.

కాబట్టి దిగుడు మొదలవకముందే చదునైన చోట బండి పూర్తిగా ఆపండి. క్లచ్ అడుగుదాకా తొక్కి లివర్‌ని ఫోర్ ఎల్‌లోకి వేయండి. పడకపోతే బలవంతం వద్దు, బండిని కాస్త జరిపి మళ్లీ చూడండి. ఫస్ట్ వేసి క్లచ్ వదిలేయండి, ఇంజినే పట్టి ఉంచుతుంది. వేగం ఎక్కువనిపిస్తే బ్రేకు మెల్లగా తాకించండి గానీ, భయపడి క్లచ్ మాత్రం తొక్కకండి, ఆ పట్టు ఊడిపోయి బండి జారుకుంటుంది.

ఎర్రమట్టి బురదలో ఫస్ట్ వద్దు. లాగుడు ఎక్కువై చక్రం ఉన్నచోటే గుంట తవ్వుకుంటుంది. సెకండో థర్డో వేయండి.

సాలూరు నుంచి సుంకి మీదుగా వచ్చే ఘాట్‌లో, పొడి తారు మీద, ఇది వాడకండి. మలుపులో ముందు వెనక ఇరుసుల్ని వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో లేని బళ్లివి, మలుపులో స్టీరింగ్ బిగుస్తుంది, షాఫ్టుల మీద భారం పడుతుంది. అక్కడ టూ హెచ్‌లో కింది గేరు చాలు.

పెద్ద టైర్లు వేయించే షోకున్నవాళ్లు ఒక లెక్క చూసుకోండి: వ్యాసం పదో వంతు పెరిగితే మీ 36 కాస్తా 33తో సమానం.